రిపోర్టులో ఆయన పేరు

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. ఏ సర్టిఫికెట్టూ లేని ఫిట్టర్ మోటారు బేరింగ్ పోయిందంటే నువ్వు నమ్మలేదనీ, విప్పి చూస్తే ఆయన మాటే నిజమైందనీ రాశావు. "ఇక నా చదువెందుకు?" అన్నావే, అందులో బాధకన్నా ఉక్రోషమే ఎక్కువ కనిపించింది నాకు.

ఆయన స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ పైతొడుగు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వింటాడన్నావు. బాగున్న బేరింగ్ ఒకే తీరుగా గుయ్‌మంటుంది. గుంటలు పడితే గరగరమంటుంది. ఆ తేడా చదివితే రాదు, చెవి పండాలి. కానీ అదే బేరింగ్ మళ్లీ మళ్లీ ఎందుకు పోతోందో చెవి చెప్పదు. గ్రీజు మరీ ఎక్కువ కూరారా, తిరిగే షాఫ్టులు ఒకే వరసలో లేవా అన్నది కొలిచి తేల్చాలి. కంపనాల గ్రాఫులో షాఫ్టు వేగానికి రెట్టింపు దగ్గర శిఖరం లేస్తే అలైన్‌మెంటును, అంటే ఆ వరసను అనుమానించాలని నీకు నేర్పింది ఆ చదువే.

పదోన్నతుల్లో పట్టాకే పెద్దపీట ఎందుకంటావా? ఉద్యోగం ఇచ్చేవాడికి పనితనం ముందుగా కనబడదు, కాగితం కనబడుతుంది. 1973లో మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త వాదన దాదాపు ఇదే. కొత్తవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. ఏళ్ల తరబడి కళ్లెదుటే పనిచేస్తున్నవాడినీ కాగితంతోనే తూచడం మాత్రం వట్టి బద్ధకం.

అమెరికాలో వివియన్ థామస్ అని ఒకాయన ఉండేవాడు. వడ్రంగి. కాలేజీకి దాచుకున్న డబ్బు ఆర్థిక మాంద్యంలో పోతే ప్రయోగశాలలో పనికి కుదిరాడు. చేసేది పరిశోధన, జీతం మాత్రం ఊడ్చేవాడి హోదాలో. 1944 నవంబరులో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, గుండె లోపంతో ఒళ్లు నీలంగా మారిన పసిబిడ్డకు ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ఆపరేషన్ చేస్తుంటే, వెనక పీట మీద నిలబడి దారి చూపింది థామసే. అంతకు ముందు కుక్కల మీద ఆ పద్ధతిని సాధించి చూపింది ఆయన మరి! ఆ ఆపరేషన్ గురించి 1945లో అచ్చయిన వ్యాసంలో ఆయన పేరు లేదు. పట్టా లేకపోవడం ఒక్కటే కాదులే, నల్లజాతివాడు కూడా. గౌరవ డాక్టరేటు వచ్చేసరికి 1976.

నీ రిపోర్టులో లోపం పట్టిందెవరని రాశావు? "సిబ్బంది గుర్తించారు" అని ఉంటే దిద్ది, ఆయన పేరు పెట్టు. జీతం పెంచడం నీ చేతిలో లేకపోయినా ఆ సంతకం నీదే కదా. ఈసారి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని నువ్వూ విను. షాఫ్టులు కలిసే చోట ఉండే రక్షణ తొడుగు, ఆ కప్లింగ్ గార్డు మాత్రం తీయకు, జడ ముడివేసుకో.

నాన్న