రయొలైట్ కార్డుల కట్ట వెనక్కి పంపేశాం: అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకు

దసరాకి ఇస్తామన్న పాత ఫొటో పోస్టుకార్డులు (అమెరికాలోని రయొలైట్ ఊరివీ, వించెస్టర్ హౌస్ అనే పెద్ద ఇంటివీ) ఇవ్వలేం. సరుకు వచ్చింది, చూశాం, తిప్పి పంపేశాం. అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం. కారణం మాత్రం వివరంగా చెప్పాలి.

ఎప్పుడూ మాకు సరుకిచ్చే వ్యాపారే ఈ కట్టా ఇచ్చాడు. 1910కి ముందు ముద్రించిన అసలు ఫొటోలని బిల్లు మీద రాసి మరీ ఇచ్చాడు. నెవడా ఎడారిలో 1904లో బంగారం దొరికి పుట్టుకొచ్చిన ఊరు రయొలైట్. కొన్నేళ్ళకే ఊరు ఖాళీ అయింది, 1916లో కరెంటు కూడా తీసేశారు. అక్కడి మూడంతస్తుల కుక్ బ్యాంకు 1908లో పూర్తయింది. కట్టలో ఆ బ్యాంకు కార్డు ఒకదాని వెనక పెన్సిల్‌తో 1908 అని ఉంది. తిప్పి చూస్తే కప్పు లేదు, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. గృహప్రవేశం నాడే కూలిందనుకోవాలి కాబోలు!

1906లో అదే ఊళ్ళో టామ్ కెల్లీ అనే ఆయన దాదాపు 50,000 ఖాళీ సీసాలతో కట్టిన ఇంటి కార్డు ఇంకా ఘోరం. అసలు ఫొటోని పదిరెట్ల భూతద్దం కింద పెడితే గోడలోని సీసా అడుగులు వేటికవి గుండ్రంగా కనబడాలి. ఇందులో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నీడంతా నల్లటి ముద్దయింది. ఆకాశంలో పొడుగాటి గీత కనిపిస్తుంది, కానీ ఏటవాలు వెలుతురులో చూస్తే కాగితం నున్నగా ఉంది. అంటే గీత పడింది వేరే ఫొటో మీద. దాన్ని మళ్ళీ ఫొటో తీసి ఇది ముద్రించారు. చీకట్లో యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే కాగితం నీలి తెలుపులో మెరిసింది. ఆ మెరుపునిచ్చే రసాయనం 1950ల నుంచే ఫొటో కాగితాల్లోకి వచ్చింది. మెరవనంత మాత్రాన పాతదని నమ్మకండి, మెరిస్తే మాత్రం పాతది కాదు.

ఇక్కడిదాకా సులువే. తేలనిది వించెస్టర్ కార్డు. శాన్ హోసేలోని ఆ ఇంటి ఏడంతస్తుల బురుజు 1906 ఏప్రిల్ భూకంపంలో పోయింది. కార్డులో బురుజు ఉంది కాబట్టి నెగటివ్ అంతకుముందుదే. కానీ వెనక స్టాంపు అంటించే గడి చుట్టూ ‘అజో’ (ఫొటో కాగితం బ్రాండు) అన్న అక్షరాలూ, రెండు పైకి, రెండు కిందికి చూసే త్రికోణాలూ ఉన్నాయి. అది 1918-1930 మధ్య కాగితం. 1918కి ముందుదైతే నాలుగూ పైకే చూస్తాయి. అలాగని నకిలీ అనడానికీ లేదు. చిత్రం స్పష్టంగా ఉంది, పాత ఫొటోల్లో కనిపించే, అంచుల్లో నలుపు మీద వెండి తేలిన మెరుపూ ఉంది. ‘తర్వాతి ముద్రణ’ అని చీటీ పెట్టి మూడో వంతు ధరకి అమ్మితే తప్పేం లేదు. దుకాణంలో దీని మీద చాలా వాదన జరిగింది. చివరికి దాన్నీ పంపేశాం. ఒక్కటి ఉంచుకున్నా బిల్లు ఒప్పుకున్నట్టే అవుతుంది, మిగతావాటి డబ్బు రాదు. అసలు కారణం వేరే ఉందనుకోండి. “ఫ్రేములో పెట్టాక వెనక ఎవడు చూస్తాడు? మీ కస్టమర్లకి అంత తేడా ఏం తెలుస్తుంది?” అన్నాడు సరుకిచ్చిన ఆ పెద్దమనిషి. మొండితనమంటే అననివ్వండి, ఆ మాట అన్నవాడి దగ్గర ఇక కొనం.

ఇదివరకు మీరు తీసుకున్నవి ఈ కట్టలోవి కావు. అనుమానముంటే వెనకవైపు ఫొటో, పక్కనుంచి వెలుతురు పడేలా ముందువైపు ఫొటో పంపండి. ఇకమీదట ప్రతి కార్డుకీ ఇవి రెండూ మేమే ఇస్తాం. ధర కాస్త పెరుగుతుంది, బేరమాడొద్దు.

ఇండియాకి పంపేవాళ్ళకి ఒక మాట. అక్కడ ఫ్రేము షాపులో హార్డ్‌బోర్డుకి అతికించనివ్వకండి, లామినేషన్ అసలే వద్దు. అద్దానికీ ఫొటోకీ మధ్య మౌంట్ బోర్డు (బొమ్మ కనబడేలా మధ్యలో కోసిన మందపాటి అట్ట) వేయించండి. లేకపోతే విశాఖ, కాకినాడ తేమకి ఫొటో పైపొర అద్దానికి అంటుకుపోతుంది, ఊడదీస్తే బొమ్మ కూడా లేచొస్తుంది.

అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు శనివారంలోగా ‘డబ్బు’ అనో ‘బదులు’ అనో వాట్సాప్ చేయండి. బదులుగా ఇవ్వడానికి నెవడాలోనే ఉన్న గోల్డ్‌ఫీల్డ్ అనే ఊరి వీధుల కార్డులు కొన్ని ఉన్నాయి. వించెస్టర్‌ది మాత్రం ప్రస్తుతానికి ఒక్కటీ లేదు.