సూరిబాబుకి, నాలుగు ఊళ్ళ సర్వర్ల సంగతి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

ఒరే సూరిబాబూ,

ఎలా ఉన్నావు? హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి మీదున్నవాడికి సబ్‌నెట్ల గురించి చెప్తే ఏం ఎక్కుతుంది చెప్పు? అందుకే ఫోన్లో ముక్తసరిగా తేల్చేసి, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. మా ఆవిడ రైతుబజారుకెళ్ళింది, పిల్లాడు ట్యూషన్లో ఉన్నాడు. వాళ్ళొచ్చేలోపు చెప్పాల్సిందంతా చెప్పేస్తా, మధ్యలో నిద్రపోకు.

నీ పని నాకర్థమైనంతవరకూ ఇదీ. మన వైపు నాలుగు ఊళ్ళు: అనకాపల్లి, విజయనగరం, రాజాం, శ్రీకాకుళం. ఏ ఊరి ల్యాబుల రిపోర్టులు ఆ ఊరి సర్వర్‌కి వెళ్ళాలి. నాలుగూ అచ్చం ఒకేలా ఉండాలి. బయటి ఇంటర్నెట్‌కి ఒక్కటీ కనబడకూడదు, వాటిలో అవి మాత్రం మాట్లాడుకోవాలి. మీ మేనేజరేమో "నాలుగే కదా, సాయంత్రం కూర్చుని ఏడబ్ల్యూఎస్ కన్సోల్లో, అదే అమెజాన్ క్లౌడ్ వెబ్ పేజీలో, క్లిక్ చేసెయ్" అంటున్నాడు.

చెయ్యొచ్చు. గంటలో అయిపోతుంది కూడా. గొడవ ఆ గంటలో లేదురా, ఆర్నెల్ల తర్వాత ఉంది. విజయనగరం దానికి డిస్క్ ఎంత పెట్టాం, రాజాం దానికి ఆ పోర్టు ఎవరు తెరిచారు, ఎందుకు తెరిచారు అనడిగితే జవాబు చెప్పే నాథుడుండడు. ఆ క్లిక్కులు చేసినవాడు అప్పటికి వేరే కంపెనీలో చేరిపోయుంటాడు. హుద్‌హుద్ గుర్తుందా, 2014 అక్టోబరు 12, ఆదివారం? కరెంటు లేక, ఫోన్లు లేక ఊరు ఊరంతా అల్లాడిన ఆ రోజుల్లో కూలిన చెట్లూ స్తంభాలూ అందరూ చూశారు. బల్ల కింద సర్వర్ పెట్టుకున్న చిన్నాచితకా ఆఫీసుల అవస్థ మనలాంటివాళ్ళకే తెలుసు. మెషిన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. దాన్లో ఏ సెట్టింగులున్నాయో ఎక్కడా రాసి లేకపోతే ఏ కొట్లో కొంటాం? తమాషా చూడు, నీకు నేను చెప్పబోయే టెర్రాఫామ్ (సర్వర్లెలా ఉండాలో ఫైల్లో రాసిస్తే కట్టిపెట్టే పనిముట్టు) మొదటి వెర్షన్ కూడా ఆ ఏడాదే, తుఫానుకి ముందు జులైలో వచ్చింది.

టెర్రాఫామ్‌లో "ముందిది చెయ్, తర్వాత అది చెయ్" అని రాయం. "నాకు ఇవి ఉండాలి" అని రాస్తాం, అంతే. ప్లాన్ అని కొడితే రాసినదానికీ ఉన్నదానికీ తేడా చూపిస్తుంది. ప్లస్ అంటే కొత్తగా కడుతుంది, మైనస్ అంటే తీసేస్తుంది, అలలాంటి గుర్తుంటే ఉన్నదాన్నే మారుస్తుంది. మైనస్సూ ప్లస్సూ జంటగా కనబడితే మాత్రం చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి నిటారుగా కూర్చో. ఉన్నదాన్ని కూల్చి మళ్ళీ కడతానంటోంది అది. అప్లై కొడితే ఇదంతా నిజంగా జరుగుతుంది. నువ్వు కోడ్ రాసి బతికేవాడివి, ఇక్కడ ఇంతకంటే ఆగక్కర్లేదు.

ముందు నెట్‌వర్క్ తేల్చుకో. అందరూ సర్వర్ దగ్గర మొదలెడతారు, నువ్వలా చెయ్యకు. ప్రైవేటుగా వాడుకోడానికి ఏ అడ్రసులో 1996లోనే ఇంటర్నెట్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1918 తేల్చేసింది: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, ఆపైన 192.168వి. ఈ చివరివాటి జోలికి పోకు. ఇళ్ళలోనూ ల్యాబుల్లోనూ ఉండే వైఫై రూటర్లు చాలావరకు అక్కడే తిష్ఠ వేసుంటాయి. రేపు ఏ ల్యాబుకో వీపీఎన్ (రెండు నెట్‌వర్కుల్ని గుట్టుగా కలిపే సొరంగం) వెయ్యాల్సొచ్చి రెండు వైపులా ఒకే నంబర్లున్నాయనుకో, ప్యాకెట్ ఎటు పోవాలో తెలీక చస్తుంది. 172.17ని మామూలుగా డాకర్ (ప్రోగ్రాముల్ని విడివిడి డబ్బాల్లో నడిపేది) వాడేసుకుంటుంది. కాబట్టి 10.20.0.0/16 తీసుకో, అంటే 10.20తో మొదలయ్యేవన్నీ. 65,536 అడ్రసులు, నీకూ నీ మనవలకీ చాలు. దాన్ని /24 ముక్కలుగా కొయ్యి, ఆ ముక్కలే సబ్‌నెట్లు. ఒక్కో ముక్కలో 256 ఉంటాయి, మొదటి నాలుగూ చివరిదీ ఏడబ్ల్యూఎస్ తన దగ్గరే ఉంచుకుంటుంది, నీకు మిగిలేవి 251. ఈ కొయ్యడం చేత్తో లెక్కలేసి చెయ్యకు, దానికి సీఐడీఆర్‌సబ్‌నెట్ అని ఫంక్షనుంది. ఏడబ్ల్యూఎస్‌కి హైదరాబాద్ రీజియన్ (సర్వర్ల కేంద్రం) 2022 నవంబరు నుంచి ఉంది కాబట్టి రిపోర్టులు ముంబై దాకా పోయి రావక్కర్లేదు. అందులో జోన్లు, అంటే విడివిడి డేటా సెంటర్ల గుంపులు, మూడు. జోన్‌కొక ప్రైవేటు సబ్‌నెట్ పెట్టి, నాలుగు ఊళ్ళనీ వాటి మధ్య పంచెయ్యి.

చాలామందికి అర్థంకాని ముక్క ఒకటుంది. సబ్‌నెట్‌కి "ప్రైవేట్" అని పేరు పెట్టినంత మాత్రాన అది ప్రైవేటు అయిపోదు. దాన్ని తేల్చేది రూట్ టేబుల్, అంటే ప్యాకెట్లు ఎటెటు పోవాలో రాసిన పట్టిక. అందులో ఇంటర్నెట్ గేట్‌వేకి దారి రాసి ఉంటే ఎన్ని పేర్లు పెట్టినా అది పబ్లిక్కే. మరి లోపలున్న మెషిన్లు అప్‌డేట్లెలా తెచ్చుకుంటాయంటావా? పబ్లిక్ సబ్‌నెట్లో ఒక నాట్ గేట్‌వే పెట్టాలి. వాటి తరఫున అది బయటికెళ్ళి తెస్తుంది, బయటివాళ్ళు దాన్ని పట్టుకుని లోపలికి రాలేరు. దీనికి గంటకింత, జీబీకింత అని బిల్లు పడుతుంది. అలాగని మెషిన్‌కో పబ్లిక్ అడ్రసు ఇచ్చేద్దాం అనుకుంటావేమో, 2024 ఫిబ్రవరి నుంచి దానికీ గంటకి అర సెంటు వసూలు చేస్తున్నారు. రిపోర్టుల పీడీఎఫ్‌లు ఎస్3లో (ఏడబ్ల్యూఎస్ వాళ్ళ ఫైళ్ళ గోదాం) పెడతావు కదా, దానికి మాత్రం గేట్‌వే ఎండ్‌పాయింట్ అనే లోపలి దారి పెట్టుకో. అది ఉచితం, ఆ బరువంతా నాట్ మీద పడదు. ల్యాబుల నుంచి వచ్చేదంతా ముందు, వచ్చినదాన్ని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలన్సర్ దగ్గరకే రావాలి. సర్వర్ల సెక్యూరిటీ గ్రూపులో, అంటే ఎవర్ని లోపలికి రానివ్వాలో రాసే జాబితాలో, అడ్రసులేవీ రాయకు, "లోడ్ బ్యాలన్సర్ గ్రూపు నుంచో, ఈ సర్వర్ల గ్రూపు నుంచో వస్తేనే" అని రాయి. ఇక దూరం నుంచి మెషిన్లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ పోర్టు తెరవనే వద్దు, ఆ పనికి ఏడబ్ల్యూఎస్ సెషన్ మేనేజర్ ఉంది.

ఇప్పుడు నువ్వు పప్పులో కాలేసే చోటు. నాలుగు కావాలి అనగానే ఎవరి చెయ్యైనా టెర్రాఫామ్‌లో ఎన్ని కావాలో చెప్పే కౌంట్ మీదకి పోతుంది. కౌంట్ వాడితే టెర్రాఫామ్ వాటిని 0, 1, 2, 3 అనే గుర్తుపెట్టుకుంటుంది. అనకాపల్లి 0, విజయనగరం 1, రాజాం 2, శ్రీకాకుళం 3. రేపు రాజాం ల్యాబులు వేరేవాళ్ళ చేతికెళ్ళాయనుకో. లిస్టులోంచి రాజాం కొట్టేశావు. నువ్వు పోవాలనుకున్నది రాజాం సర్వర్. దాని లెక్కలో మాత్రం నాలుగు మూడయ్యాయి కాబట్టి పోవాల్సింది 3. అంటే నిక్షేపంలాంటి శ్రీకాకుళం మెషిన్‌ని కూల్చేసి, రాజాం మెషిన్‌కి శ్రీకాకుళం బోర్డు తగిలిస్తుంది. పాత డేటా దాని డిస్క్ మీదే ఉందంటే ఇక చూస్కో నా సామిరంగా, శ్రీకాకుళం పేషెంట్లకి రాజాం వాళ్ళ షుగర్లు!

అందుకని ఫర్ ఈచ్ వాడు. ఊళ్ళ పేర్లే తాళంచెవులు. రాజాం తీసేస్తే ప్లాన్లో రాజాం ఒక్కదానికే మైనస్, మిగతావాటి జోలికి రాదు. బొబ్బిలి కలిస్తే ఒక్క ప్లస్. కౌంట్‌ని నేను 0కీ 1కీ మాత్రమే వాడతా, అంటే ఫలానా వస్తువు ఉండాలా అక్కర్లేదా అనే చోట. నాలుగూ పేరులేని కూలీల్లాంటివైతే అవసరాన్ని బట్టి మెషిన్లని పెంచి తగ్గించే ఆటోస్కేలింగ్ గ్రూపు పెట్టేసుకోమనేవాణ్ణి. నీకు ఊరి పేరు కావాలి, కాబట్టి ఇదే దారి.

సరే, "ఒకేలా" అన్నావు. తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. కోడ్ ఒకటే అయినంత మాత్రాన మెషిన్లు ఒకటైపోవు. "తాజా ఉబుంటు ఇమేజ్ ఏదుంటే అది" అని రాశావనుకో (ఇమేజ్ అంటే మెషిన్ లేచే ఆపరేటింగ్ సిస్టమ్ అచ్చు), ఇవాళ కట్టిన నాలుగూ ఒక ఇమేజ్ మీద లేస్తాయి. బొబ్బిలి కలపబోయే రోజుకి కొత్త ఇమేజ్ వచ్చుంటుంది. అప్పుడు బొబ్బిలి దానితో కట్టడమే కాదు, పాత నాలుగింటినీ కూడా కూల్చి కడతానంటుంది, ఇమేజ్ మారితే అంతే మరి. కాబట్టి ఇమేజ్ ఐడీని ఒక వేరియబుల్లో కట్టిపడెయ్యి. ఎప్పుడు మార్చాలో నువ్వు చెప్పాలి, క్యాలెండర్ కాదు.

తర్వాత క్లౌడ్-ఇనిట్. మెషిన్ మొదటిసారి లేచినప్పుడు నీ స్క్రిప్టు నడిచి ప్యాకేజీలన్నీ ఎక్కుతాయి. బాగానే ఉంటుంది. కానీ జనవరిలో లేచినదానికి ఆనాటి వెర్షన్లు, జూన్లో లేచినదానికి ఈనాటివి. మా అమ్మా, పెద్దమ్మా ఒకే కొలతలతో పులుసు పెట్టినా చింతపండు కొత్తదైతే ఒక రుచి, పాతదైతే ఒక రుచి వచ్చేది చూడు, అలాగ. దీనికి నా మందు ప్యాకర్. కావాల్సినవన్నీ ముందే ఎక్కించి నీ సొంత ఇమేజ్ ఒకటి తయారుచేసుకో, క్లౌడ్-ఇనిట్‌కి ఊరి పేరు చెప్పడం తప్ప పనేం మిగల్చకు.

ఇంకోటి, దీనికి బోల్తా పడనివాళ్ళు తక్కువ. క్లౌడ్-ఇనిట్ నడిపే ఆ స్క్రిప్టుని యూజర్ డేటా అనే చోట మార్చి అప్లై కొడతావు. ప్లాన్లో అల గుర్తు వస్తుంది, మెషిన్ ఆగి మళ్ళీ లేస్తుంది, అంతా పచ్చగా కనిపిస్తుంది. లోపల ఏమీ మారదు! ఎందుకంటే ఆ స్క్రిప్టు మొదటి బూట్‌లో మాత్రమే నడుస్తుంది, ఇది మొదటి బూట్ కాదు. స్క్రిప్టు మారితే మెషిన్నే మార్చమని చెప్పే సెట్టింగు వేరే ఉంది, యూజర్ డేటా రీప్లేస్ ఆన్ చేంజ్ అని. దాన్ని ట్రూ చెయ్యి.

మెషిన్నే మార్చాలంటే గుండె గుభేల్మంటుంది కదా? అనకూడదు. అలా అంటోందంటే ఆ మెషిన్లో ఏదో దాచుకున్నావన్నమాట. రిపోర్టులు ఎస్3లో, లెక్కలు డేటాబేస్‌లో, లాగులు బయటెక్కడో ఉంటే ఆ నాలుగింట్లో దేన్ని పట్టపగలు పీకేసినా ఏం కాదు. నేనైతే దీన్నే పరీక్షగా పెడతా. శ్రీకాకుళం సర్వర్‌ని కావాలని కూల్చి, అప్లై కొట్టి, కాసేపట్లో మళ్ళీ రిపోర్టులు వస్తున్నాయా లేదా అని మీ మేనేజర్ ఎదుటే చూపించు. కన్సోల్లో క్లిక్ చేసినదానితో ఈ పని చేసి చూపించమను చూద్దాం.

అడ్రసుల విషయంలో నీకూ నాకూ పేచీ వస్తుందని తెలుసు. నీకు ప్రతిదానికీ నంబరు ఫిక్స్ చేసేయాలని ఉబలాటం: అనకాపల్లి అంటే 10.20.1.11, అలా. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ కొత్తది లేచాకే పాతది కూల్చు అని చెప్పే సౌకర్యం టెర్రాఫామ్‌లో ఉంది, క్రియేట్ బిఫోర్ డిస్ట్రాయ్ అని. నంబరు ఫిక్స్ చేస్తే అది పనిచెయ్యదు, పాతది ఆ నంబరు వదిలితే గానీ కొత్తది లేవలేదు మరి. అందుకే నంబరు దానిష్టం, పేరు నీ ఇష్టం అనుకో. పేరుని అడ్రసుగా మార్చే ఏడబ్ల్యూఎస్ రూట్ 53లో ప్రైవేటు జోన్ (పేర్ల పట్టిక) పెట్టి, అదే ఊళ్ళ జాబితాతో ఊరికొక పేరు రాయించు. మిగతా కోడ్‌లో ఎక్కడా అంకె కనబడకూడదు.

స్టేట్ ఫైల్ గురించి గట్టిగా చెప్తున్నా, విను. నువ్వు రాసిన "రాజాం" అంటే క్లౌడ్‌లో ఏ మెషినో గుర్తుపెట్టుకునేది ఆ ఫైలే. అది పోతే టెర్రాఫామ్‌కి మతిమరుపొచ్చినట్టే, ఉన్న నాలుగూ వదిలేసి ఇంకో నాలుగు కట్టబోతుంది. ల్యాప్‌టాప్‌లో పెట్టుకోకు, ఎస్3లో వెర్షనింగ్ వేసి పెట్టు. ఇద్దరు ఒకేసారి అప్లై కొట్టకుండా లాక్ కూడా ఉండాలి. ఇదివరకు దానికి డైనమోడీబీ అనే డేటాబేస్‌లో టేబుల్ వేరే కావాల్సొచ్చేది, టెర్రాఫామ్ 1.10 వెర్షన్ నుంచి ఎస్3తోనే సరిపోతోంది. ఆ ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డులు కూడా మామూలు అక్షరాల్లోనే పడుంటాయి. సెన్సిటివ్ అని రాస్తే తెర మీద కనిపించవు గానీ ఫైల్లో ఉంటాయి. అందరూ కోడ్ పంచుకునే గిట్‌లోకి తోశావంటే ఊరందరికీ చెప్పినట్టే.

టెర్రాఫామ్ బదులు ఓపెన్‌టోఫు వాడాలా అనడిగావు. 2023 ఆగస్టులో టెర్రాఫామ్ తయారుచేసే హాషికార్ప్ దాని లైసెన్సు మార్చింది, దాంతో కొందరు విడిపోయి లినక్స్ ఫౌండేషన్ నీడన ఓపెన్‌టోఫు పెట్టారు. 2025 ఫిబ్రవరికి హాషికార్పే ఐబీఎంలో కలిసిపోయింది. నీ నాలుగు సర్వర్లకి ఏదైనా ఒకటే. నా ఓటు ఓపెన్‌టోఫుకే, లైసెన్సు పేచీ ఉండదని. ఒక్కటి పట్టుకో, పొద్దున ఇది సాయంత్రం అది అని మాత్రం చెయ్యకు.

ఇక్కడి కబుర్లంటావా, 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెట్టి మన ఊళ్ళో ఏఐ హబ్ కడతామని ప్రకటించినప్పట్నుంచీ ఎవర్ని కదిపినా డేటా సెంటరే. మొన్న ఆటో అతను "క్లౌడంటే ఏటి బాబూ, సముద్రం మీదుంటాదా?" అనడిగాడు. కేబుళ్ళు సముద్రం అడుగునుంచే వస్తాయి కాబట్టి పూర్తిగా కాదనలేకపోయా. ఆనందపురం వైపు గజం ఎంతో మాత్రం నన్నడక్కు.

మీ మేనేజర్ దగ్గర రాయించుకోవాల్సింది ఒక్కటే: పని మొదలయ్యాక కన్సోల్లో అందరికీ చూసే హక్కే ఉండాలి, మార్చేది కాదు. లేకపోతే ఎవడో అర్ధరాత్రి చేత్తో పోర్టు తెరుస్తాడు, పొద్దున్న నీ ప్లాన్ దాన్ని మూసేస్తానంటుంది, తిట్లు నీకు పడతాయి.

మొదటి ప్లాన్ రాగానే అప్లై కొట్టకుండా ఆ అవుట్‌పుట్ నాకు పంపు, పాస్‌వర్డులు తీసేసి. చెల్లాయికి, పిల్లలకి మా అందరి తరఫునా అడిగానని చెప్పు.

నీ
రమణ

తా.క. రిహార్సల్ అయిపోయాక డిస్ట్రాయ్ కొట్టడం మర్చిపోకు. నాట్ గేట్‌వే, లోడ్ బ్యాలన్సర్ ఊరికే ఉన్నా గంటల లెక్కన బిల్లు పడుతూనే ఉంటుంది.