మా లాడ్జికి బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో తోడు నిలిచినవాళ్లకు

పోయిన ఏప్రిల్‌లో, ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రి, కడపలో మా లాడ్జిలో 206 నంబరు రూమును ఇద్దరికి ఇచ్చేశాం. ఒకాయన ఫోన్లో మాట్లాడి, అడ్వాన్సు యూపీఐలో పంపి, సాయంత్రమే వచ్చి సామాను పెట్టుకున్నాడు. ఇంకో కుటుంబం బుకింగ్ సైట్లో డబ్బు మొత్తం కట్టేసి, అనంతపురం నుంచి నేరుగా కల్యాణానికి వెళ్లి, అది చూసుకుని అర్ధరాత్రి దాటాక మా కౌంటరు ముందు నిలబడింది. ఒక పెద్దామె, కొడుకూ కోడలూ, భుజాల మీద నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు. ఒంటిమిట్ట మాకు పాతిక కిలోమీటర్లే కాబట్టి ఆ రాత్రి ఊళ్లో ఎక్కడా రూము దొరకదు.

ఫోన్ బుకింగు మా రిజిస్టరులో ఎక్కింది. సైట్లో ఆ రూము మూసేయడం మరిచిపోయాం. తప్పు పూర్తిగా మాదే. నాయన తన గది ఖాళీ చేసి హాల్లో పడుకుంటే, వాళ్లను మా ఇంటి మేడ మీదకు తీసుకెళ్లాను. "రాముడి పేరు చెప్పుకొని ఎక్కడైనా పడుకుంటాంలే పాపా, ముందు పిల్లలకు మంచినీళ్లు ఇయ్యి" అందా పెద్దామె. నాలుగు మాటలు అన్నా పడాల్సిన రాత్రి అది. నా మొదటి దండం ఆమెకే.

మరుసటి వారమే సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో ఏడు డెమోలు చూశాను. అన్నింట్లోనూ రంగురంగుల చార్టు, అన్నింట్లోనూ అదే మాట, "మేడం, ఈ ఆఫర్ ఈ రాత్రి వరకే". ఐదోది చూశాక మొదటిది ఏమిటో గుర్తులేదు. చివరికి విసిగిపోయి ఒకదానికి ఏడాది డబ్బు కట్టబోయాను. నాయనకు పాత పరిచయస్తుడు, తిరుపతిలో లాడ్జి నడిపే అన్న, ఆ సాయంత్రం వేరే పని మీద ఫోన్ చేయకపోతే కట్టేసేదాన్నే.

"చెల్లెమ్మా, డెమోలు చాలించు. వారం రోజులు మీ కౌంటర్లో కూర్చుని జరిగేదంతా రాసుకో. తర్వాత వాళ్లు చూపించడం కాదు, నువ్వు అడుగు" అన్నాడు. నాకేమో అప్పటికే టెన్షన్, ఇంకో వారం వృథా అనుకున్నాను. అయినా పెద్దవాడి మాట కదా అని నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను.

పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కౌంటరే. కానీ ఆ వారంలో రాసుకున్నవి చూస్తే నాకే వింతగా అనిపించింది. మాది 24 గంటల చెక్ అవుట్. తెల్లవారుజామున మూడింటికి రైలు దిగినవాళ్లకు మర్నాడు మూడు దాకా రూము వాళ్లదే. నేను చూసిన ఏడింటిలో నాలుగు సాఫ్ట్‌వేర్లకు మధ్యాహ్నం పన్నెండు తప్ప వేరే లెక్క తెలియదు. మూడింటికి దిగినవాళ్లను అవి ముందురోజు గెస్టుగా రాసుకుని, పన్నెండు కాగానే రెండో రోజు అద్దె వేసేస్తాయి. మన బస్టాండు లాడ్జిలో ఆ బిల్లు చేతికిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దేవుని కడప వెళ్లేముందు స్నానాలకని రెండు గంటలు రూము అడిగేవాళ్లున్నారు. పెళ్లివాళ్లు పది రూములు పట్టి, ముహూర్తం రెండు రోజుల్లో ఉందనగా నాలుగు వదిలేస్తారు. ఏసీ ఆగిపోతే అర్ధరాత్రి 203 నుంచి 208కి మార్చాలి. అదనపు పరుపు సంగతి సరేసరి. ఇవన్నీ ప్రశ్నలుగా మార్చి అడిగితే ఏడులో మూడు మిగిలాయి.

ఆ మూడింటికి అన్న ఒక పరీక్ష చెప్పాడు. నాకు బాగా నచ్చింది ఇదే, లాడ్జి నడిపేవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు. ట్రయల్లో ఉన్నప్పుడు ఒకే ఒక్క రూము అమ్మకానికి తెరిచి పెట్టాలి. కౌంటర్లో దాన్ని ఎవరికో ఇచ్చినట్టు ఎక్కించి, ఫోన్లో బుకింగ్ సైటు తెరిచి, అక్కడ ఎంతసేపటికి మాయమవుతుందో గడియారం పెట్టుకుని చూడాలి. తర్వాత తిరగేసి, సైట్లో బుక్ చేసి కౌంటర్లోకి ఎంతసేపటికి వస్తుందో చూడాలి. రెండింటిలో రెండు నిమిషాలు దాటలేదు. మూడోదానిలో రెండున్నర గంటలైనా రూము అలాగే కనిపిస్తోంది. అడిగితే తెలిసింది, అది సైట్లతో నేరుగా మాట్లాడదట, క్యాలెండర్ లింకు మీద నడుస్తుందట. ఆ లింకును అవతలి సైటు తనకు వీలైనప్పుడు తిరగేస్తుంది. నెలకు నాలుగు బుకింగులు వచ్చే ఇంటికి అది చాలు. కల్యాణం రాత్రికి చాలదు. డెమోలో మాత్రం మూడూ "రియల్ టైమ్" అనే చెప్పాయి.

మా ఆడిటర్ గారికి ఎంత చెప్పినా తక్కువే. ఫీజు కూడా తీసుకోలేదు. ఆయన మూడు విషయాలు పట్టుకున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు రూములకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా. ఆ తేదీ దాటాక కూడా మిగిలిన రెండింటిలో ఒకటి 12 శాతంతోనే బిల్లు కొడుతోంది. అది అక్కడే పోయింది. రెండోది నేను అసలు ఆలోచించనిది. ఈ 5 శాతంలో ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే సాఫ్ట్‌వేర్ ఫీజు మీద కట్టే 18 శాతం జీఎస్టీ తిరిగి రాదు, అదీ ఖర్చే. సైట్ల కమిషన్ మీద పడేదీ అంతే. కాగితం మీద లెక్క వేసి చూపించారు. 1,500 రూపాయల రూముకు 20 శాతం కమిషన్ అనుకుంటే 300, దాని మీద జీఎస్టీ 54, మొత్తం 354 పోయినట్టే. అప్పుడర్థమైంది, సొంత బుకింగ్ పేజీ ఎందుకుండాలో.

ఇంకొకటి చెబుతూ ఆయన నవ్వారు, నాకు నవ్వు రాలేదు. సైట్ల ద్వారా వచ్చిన అమ్మకాల మీద వాళ్లు టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు. ఒకప్పుడు 1 శాతం, 2024 జులై నుంచి అర శాతం. అది మన క్యాష్ లెడ్జరులోకి, అంటే జీఎస్టీలో మన పేరున ఉండే డబ్బు ఖాతాలోకి రావాలంటే జీఎస్టీ పోర్టల్లో మనమే అంగీకరించాలి. నేను చాలా నెలలు అటు చూడనే లేదు. ఆ డబ్బు ఇప్పుడు లెడ్జరులోకి వచ్చింది.

సొంత పేజీలో రేటు తక్కువ పెడితే సైట్లవాళ్లు ఒప్పందం చూపించి గొడవ చేస్తారేమోనని భయపడ్డాను. అలాంటి షరతులు తీసేయమని 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఒక పెద్ద ట్రావెల్ గ్రూపును ఆదేశించి, జరిమానా కూడా వేసిందని ఆయనే చెప్పారు. ధైర్యం వచ్చింది గానీ, ఒప్పందం కాగితం తెచ్చి ఆయన చేతే చదివించాకే రేటు మార్చాను.

ఇక మా కౌంటరు భాయ్. నాయన లాడ్జి పెట్టిన ఏడాది నుంచీ ఉన్నాడు. నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. సాఫ్ట్‌వేర్ అనగానే తన పని పోతుందని మూతి ముడుచుకుంటాడని నా అనుమానం. ఆయన మాత్రం కళ్లజోడు పెట్టుకుని స్క్రీను చూసి అడిగిన మొదటి ప్రశ్న, "నెట్ పోతే ఏం చేయాలమ్మా?". ఏడు డెమోల్లో నాకు తట్టని ప్రశ్న. తర్వాత, "రాత్రి పోలీసులు వచ్చి రిజిస్టరు అడిగితే ఇందులో ఏం చూపిస్తా?". తర్వాత, "గండికోట చూడ్డానికి వచ్చిన విదేశీయుడు మన దగ్గర దిగితే, వాళ్ల వివరాలు సర్కారుకు పంపే ఫారం సంగతి ఎవరు గుర్తు చేస్తారు?". అది 24 గంటల్లో ఆన్‌లైన్లో పెట్టాల్సిందే, మరిస్తే తలనొప్పి మనకే.

చివరికి ఆయన చెప్పినట్టే ఏర్పాటు చేసుకున్నాం. రోజూ ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి రూముల పట్టిక ప్రింటు తీసి కౌంటరు అద్దం కింద పెడతాం. నెట్ పోతే ఆ కాగితమే దిక్కు. సాఫ్ట్‌వేర్ బొమ్మల భాష ఆయనకు మూడు రోజుల్లో వచ్చేసింది, నాకు వారం పట్టింది. పాత రిజిస్టరులో మాత్రం ఇప్పటికీ రాస్తూనే ఉన్నాడు. మానమని నేనూ చెప్పలేదు.

మా మేనకోడలికీ ఒక ముద్దు. సెలవులకు వచ్చి, రూముల ఫోటోలు పగటి వెలుతురులో మళ్లీ తీసింది. గూగుల్ మ్యాపులో మా లాడ్జి గుర్తు వెనక సందులో ఉండటం కనిపెట్టి సరిచేసింది. జనం "మీ లాడ్జి గోడ దగ్గర నిలబడ్డాం, వాకిలి ఎక్కడ?" అని ఎందుకు ఫోన్లు చేస్తున్నారో అప్పటికి గానీ తెలియలేదు. గూగుల్ 2021 నుంచి హోటళ్ల సొంత బుకింగ్ లింకులను ఉచితంగా చూపిస్తోందని, మన సాఫ్ట్‌వేర్ దానికి కలుస్తుందో లేదో అడగమని చెప్పిందీ ఆ పిల్లే. కలిసింది.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నావని చాలామంది అడుగుతున్నారు. పేరు కావాలనే రాయడం లేదు. బస్టాండు దగ్గర 22 రూముల లాడ్జికి కుదిరింది గండికోటలో టెంట్లు వేసేవాళ్లకు కుదరదు. లోపాలు దీనికీ ఉన్నాయి. ఆదివారం ఫోన్ ఎత్తరు. పేర్లు తెలుగులో కొడితే బిల్లులో డబ్బాలు పడతాయి. అందుకే నెలవారీ ఫీజు మీదే తీసుకున్నాను, ఏడాది ఒప్పందం కాదు. మానేసిన రోజు మన గెస్టుల వివరాలన్నీ ఎక్సెల్లో మన చేతికి రావాలని మాట కాదు, కాగితం మీద రాయించుకున్నాను. ఇదీ తిరుపతి అన్న పెట్టిన షరతే.

నోటుబుక్కులో రాసుకున్న ప్రశ్నలన్నీ ఇప్పుడు కౌంటరు సొరుగులో ఉన్నాయి. లాడ్జి నడిపేవాళ్లు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఫోటో తీసుకోవచ్చు. మధ్యాహ్నం మూడు తర్వాత రండి, టీ తాగుతూ మాట్లాడుకోవచ్చు. ఉగాది వారంలో మాత్రం వద్దు. అనంతపురం వాళ్లు ఈసారి కల్యాణానికి మా సొంత పేజీలోనే 206 పట్టారు. పెద్దామె ఫోన్ చేసి, "రూము ఉంది కదా పాపా? లేకుంటే మీ నాయన గది అయినా బాగానే ఉండె" అంది.