తూకం మిషన్ పక్కన టేపు కూడా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ప్యాంట్లు, చొక్కాలు కుట్టే టైలర్ని. ఈమధ్య ఒక ఆరోగ్య శిబిరానికి వెళ్లొచ్చిన మా ఖాతాదారు ఒకాయన చీటీ చూపించి మురిసిపోయారు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 69 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 24.6, పక్కన 'నార్మల్'. ఆయన ప్యాంటు సైజు 36. బొడ్డు దగ్గర టేపు పెడితే 40 దాటుతుంది. దాన్ని అక్కడ ఎవరూ కొలవలేదు.

పైగా ఆ శిబిరంలో వాడిన బీఎంఐ పట్టిక 25 దాటితేనే అధిక బరువనే ప్రపంచ లెక్క. మన దేశపు వైద్య నిపుణులు 2009లోనే మనకు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం అని తేల్చారు. మనవాళ్లకు అదే బరువులో కొవ్వు ఎక్కువ, చేరేదేమో పొట్టలో. షుగరు, బీపీ దాని వెంటే వస్తాయి. మరోవైపు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీని తూకం వేస్తే బీఎంఐ 26 రావచ్చు. అది కండ బరువు.

నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. మా టేపులో సుమారు 35న్నర, 31న్నర అంగుళాలు. ఎవర్నడిగినా ప్యాంటు సైజు చెబుతారు, అది అస్సలు పనికిరాదు. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు దాని కిందికి జారుతుంది, సైజు మాత్రం మారదు. "పదేళ్లుగా 34 మాస్టారూ" అని గర్వంగా చెప్పేవాళ్లను రోజూ చూస్తుంటాను. టేపు పెట్టగానే ఊపిరి బిగబట్టేవాళ్లు ఇంకోరకం! చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి.

30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్తలు నింపే ప్రభుత్వ ఫారంలో నడుము కొలతకు గడి ఉంది. శిబిరాల చీటీల్లోనూ అది పెట్టించాలి. ఆడవాళ్లకు తెర కట్టి, ఆడవాళ్లతోనే కొలిపించాలి. గుడ్డ టేపు వాడకంలో సాగుతుంది, ఫైబర్ టేపు కొనండి.

– ఒక టైలర్, బ్రాడీపేట, గుంటూరు