ఫిర్యాదు మూసేస్తే లోపం పోతుందా?

సంపాదకులకు నమస్కారం.

మాది విశాఖ డాబాగార్డెన్స్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఒడిశాలోని జయపురం, కోరాపుట్ వ్యాపారులకు కూడా సరుకు పంపుతాం. వేరే రాష్ట్రానికి వెళ్లే సరుకుకు ఐజీఎస్టీ అనే పన్ను వేయాలి. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఈమధ్య అప్‌డేట్ అయ్యాక ఆ బిల్లుల్లో, రాష్ట్రం లోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తోంది. 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) దాఖలు చేయాల్సిన మాకు ఇదెంత టెన్షనో చెప్పక్కర్లేదు. ప్రస్తుతం ఒడిశా బిల్లులు చేత్తో రాస్తున్నాం.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ‘కంప్యూటర్ ఆపి ఆన్ చేయండి, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి’ అంటారు. అన్నీ చేశాం. తప్పు బిల్లుల స్క్రీన్‌షాట్లు పంపాం. ఏ మార్పూ లేకుండానే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది! అన్నిటికన్నా ఇదే బాధ కలిగించింది.

ఫోన్ ఎత్తే పిల్లలను తప్పుపట్టను, వాళ్లకిచ్చిన జవాబులే వాళ్లు చదువుతారు. అందులో లేని లోపాన్ని ప్రోగ్రామర్ల దాకా చేర్చే దారి కంపెనీ పెట్టాలి కదా. మేం సరే అననిదే ఫిర్యాదు మూయకూడదు. లోపం తేలిన రోజే వాడకందార్లందరికీ తెలియజేయాలి. పూర్ణా మార్కెట్‌లో, గాజువాకలో ఇదే సాఫ్ట్‌వేర్ వాడుతున్న షాపులు తెలియక తప్పు బిల్లులు ఇస్తూ ఉండొచ్చు.

– ఒక చిరు వ్యాపారి, విశాఖపట్నం