వారంలో ఒక సాయంత్రం కుక్కకూ పిల్లికీ: పశుసంవర్ధక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నల్లగొండ పట్టణంలో నేను మందుల దుకాణం నడుపుతున్నాను. మనుషుల మందులే అమ్ముతాను. అయినా కుక్కలకు, పిల్లులకు మందు అడిగేవాళ్లు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. "మా కుక్కకు ఒళ్లు కాలిపోతోంది, ఏదైనా గోళీ ఇవ్వండి" అంటారు. "పిల్లి నిన్నటి నుంచి ఏమీ ముట్టడం లేదు, పిల్లలకిచ్చే జ్వరం సిరప్పు పోయవచ్చా?" అంటారు. వద్దంటే వద్దని చెబుతాను. పారాసెటమాల్‌ను తట్టుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. మన ఒళ్లునొప్పుల మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఇదంతా చెబితే జనం వింటారు. విని, వెంటనే అడుగుతారు: "మరి ఎక్కడికి తీసుకుపోవాలి?" ఆ ప్రశ్నకు మీ శాఖ జవాబు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మీ శాఖ పని చేయడం లేదని నేను అనడం లేదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, కోటీ తొంభై లక్షల పైచిలుకు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మందకు చిటుక రోగం తగిలితే ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నది రెండు రోజుల్లో పోతుంది. గేదెకు గాలికుంటు వస్తే పాలు పడిపోతాయి, పాలు పడిపోతే ఇల్లు గడవదు. పశువైద్యులు ముందు అక్కడికే పోవాలి, పోతున్నారు. 1962కు ఫోన్ చేస్తే రైతు వాకిటికే వచ్చే సంచార పశువైద్య వాహనాలు 2017లో మొదలైనప్పుడు నేనూ సంతోషించాను. రైతు ఆవుకు అందాల్సిన మందులో ఒక్క చుక్క కూడా తీసి పట్నం కుక్కకు పోయమని అడగను.

కానీ మా ఊళ్లు మారాయి, ఇది మీ శాఖ లెక్కలోకి రావాలి. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్, ఎక్కడికి పోయినా కొత్త కాలనీల్లో గేటు గేటుకూ ఒక కుక్క అరుస్తుంది. లాబ్రడార్లు, పొమరేనియన్లు, చివరికి మంచుదేశపు హస్కీలు కూడా వచ్చాయి. మే నెలలో నల్లగొండ ఎండ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ఆ ఎండలో డాబా మీద గొలుసుతో కట్టేసిన హస్కీని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పిల్లలు లేని ముసలివాళ్లు, దుబాయి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఒంటరిగా ఉండే ఆడవాళ్లు కుక్కను తోడు కోసం పెంచుకుంటున్నారు. వీటికి తోడు ఏ ఒక్క ఇంటికీ చెందక, నాలుగిళ్లవాళ్లు పెట్టే అన్నం తిని బతికే వాడకట్టు కుక్కలు ఉండనే ఉన్నాయి.

ఈ జీవాలను ప్రభుత్వ పశువుల దవాఖానాకు తీసుకుపోతే ఏం జరుగుతుందో చెబుతాను. మా ప్రాంతంలోని ఒక దవాఖానాలో నేను కళ్లారా చూసింది ఇది. ఆవరణలో గేదెను నిలబెట్టి కట్టేందుకు ఇనుప చట్రం ఉంది. గొర్రెలకు మందు తాగించేందుకు సామగ్రి ఉంది. కుక్కపిల్లను పడుకోబెట్టి చూడడానికి ఒక బల్ల లేదు. డాక్టరు గారు దాన్ని తెచ్చినవాళ్ల స్కూటరు సీటు మీదే నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో సూది వేశారు. ఆయన తప్పేమీ లేదు. ఆ పొద్దున ఆయన గాలికుంటు టీకాల కోసం ఊళ్ల మీదికి వెళ్లాల్సి ఉంది, అయినా ఆగి చూశారు. కుక్కలకు వేసే రేబిస్ టీకా ఉందా అని అడిగితే ప్రస్తుతం లేదన్నారు. జూలై 6న, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల దినం) నాడు ఉచితంగా వేస్తాం, అప్పుడు రమ్మన్నారు. అప్పటికి దసరా కూడా రాలేదు.

ఆ జూలై 6 కార్యక్రమం మంచిది. 1885లో అదే రోజున ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ కుక్క కరిచిన పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు, అందుకే ఆ తేదీ. కానీ కుక్కపిల్లలు జూలై చూసుకుని పుట్టవు. ఆగస్టులో పుట్టిన పిల్లకు నవంబరులో టీకా వేయాలి, మూడు నెలలు నిండగానే. వచ్చే జూలై దాకా ఆగితే ఆ పిల్ల ఎనిమిది నెలలు వీధిలో, పిల్లల మధ్య, టీకా లేకుండా తిరుగుతుంది.

మా వీధి చివర ఒక డాక్టరమ్మ చిన్న క్లినిక్ నడుపుతున్నారు. పశువైద్యం చదివి, పేరు నమోదు చేయించుకున్న డాక్టరు. సాయంత్రం వేళ దుకాణంలో గిరాకీ తక్కువగా ఉంటే నేను అక్కడికి వెళ్లి కూర్చుంటాను. మంచి పశువైద్యం ఎట్లా ఉంటుందో అక్కడ చూసి తెలుసుకున్నాను. నీరసపడిన కుక్కపిల్లను తెస్తే ఆమె ముందు సూది తీయరు. పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదులుతారు. తెల్లబడిన చోటికి ఎరుపు ఎంతసేపటికి తిరిగి వస్తుందో చూస్తారు. మెడ మీద చర్మాన్ని పట్టి లాగి వదిలి, అది వెంటనే సర్దుకుంటుందా, మడత పడి నిలబడుతుందా అని చూస్తారు. ఒంట్లో నీరు ఎంత పోయిందో ఆ రెండు గుర్తులే చెబుతాయి. తర్వాత చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో వెతుకుతారు. నెత్తురు పీల్చే గోమార్లు (పిడుదులు) దాక్కునేది అక్కడే. చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి నెత్తురు కారుతుంటే గోమార్ల జ్వరం అయి ఉండవచ్చని రక్తపరీక్షకు పంపుతారు. ఆ తర్వాతే బరువు తూచి, బరువును బట్టి మందు. ఇందులో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. ఒక బల్ల, ఒక తూకం, ఒక థర్మామీటరు, ఒక ఫ్రిజ్, చూసే కళ్లు.

ఆ క్లినిక్‌లో ఎక్కువగా చనిపోయేవి పార్వో అనే వైరస్ రోగం సోకిన కుక్కపిల్లలు. వాంతులు, నెత్తుటి విరేచనాలు, గదంతా ఆ వాసన. పార్వోకు నేరుగా పనిచేసే మందు మా దగ్గర దొరకదు. సెలైన్ ఎక్కిస్తూ ప్రాణం నిలబెట్టే ప్రయత్నం చేయడమే. ఆరేడు వారాల వయసు నుంచి టీకాలు మొదలుపెట్టి, నెలకు కాస్త అటూ ఇటూ నాలుగు నెలలు నిండేదాకా వేయిస్తే ఆ పిల్లల్లో చాలావరకు బతికేవి. అమ్మేవాళ్లు టీకా వేయించామంటారు, చీటీ ఉండదు. కొన్నవాళ్లకు ఏ టీకా ఎప్పుడో తెలియదు. ఒక పిల్ల చనిపోయిన ఇంట్లోకే నెల తిరగకుండా ఇంకో పిల్లను తెస్తారు. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతికే ఉంటుందని వాళ్లకు చెప్పిన దిక్కు లేదు. రెండో పిల్లా పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ ఏడుపు విన్నవాళ్లెవరూ దీన్ని చిన్న విషయం అనరు.

ప్రైవేటు క్లినిక్ ఉంది కదా అని మీ అధికారులు అనవచ్చు. పట్నం నడిబొడ్డున ఉన్నవాళ్లకు, చేతిలో డబ్బున్నవాళ్లకు ఉంది. బీడీలు చుట్టి బతికే ఇంట్లో కుక్క ఉంటే? మండల కేంద్రంలో ఉంటే? ఆటోవాళ్లు కుక్కను ఎక్కించుకోరు. ఎముక విరిగిందంటే హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు పొమ్మంటారు. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు, మక్తల్ నుంచి ఇంకా ఎక్కువ. పోలేనివాళ్ల ఇళ్లకు ఎవరు వస్తారో కూడా చెబుతాను. చేతిసంచిలో టీకా సీసా వేసుకుని, ఎండలో బండి మీద తిరిగే అర్హత లేని మనుషులు వస్తారు. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. సంచిలో వేడెక్కిన టీకా వేయడం, నీళ్లు ఎక్కించడం ఒకటే. ఇంటివాళ్లు మాత్రం మా కుక్కకు టీకా పడిందని ధీమాగా ఉంటారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయడానికి నమోదైన డాక్టరు కావాలి. ఆ చట్టం ఉందని మా జిల్లాల్లో ఎంతమందికి తెలుసు? డబ్బు తీసుకుని ఉత్తనీళ్లు ఎక్కించేవాడి మీద నాకు కోపం వస్తుంది, కానీ వాడికి తావు ఇచ్చింది మాత్రం మూసి ఉన్న తలుపే.

ఇప్పుడు అసలు విషయం. కుక్క కరిచినవాళ్లూ నా దుకాణానికే వస్తారు. గాయానికి కారం అద్దుకుని వచ్చినవాళ్లను, పసరు పోయించుకుని మూడు రోజుల తర్వాత వచ్చినవాళ్లను చూశాను. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగమని, వెంటనే పెద్దదవాఖానాకు పొమ్మని చెప్పి పంపుతాను. అక్కడ 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు. కూలి మానుకుని అన్నిసార్లు తిరగలేక మధ్యలో మానేసేవాళ్లు ఉన్నారు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక బతికించే వైద్యం లేదు. మనుషులకు రేబిస్ సోకిన సందర్భాల్లో 99 శాతం దాకా కుక్కల వల్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అనుమానిత జంతువులు కరిచినవారిలో పదిహేనేళ్ల లోపు పిల్లలు 40 శాతం అని కూడా చెబుతోంది. కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితే వాటి మధ్య రేబిస్ వ్యాప్తి ఆగుతుందనీ ఆ సంస్థే అంటోంది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను లేకుండా చేస్తామని కేంద్రం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 ఎంత దూరంలో ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు.

అంటే కుక్కకు వేసే ఒక టీకా ఆ వాడకట్టులోని పిల్లలందరికీ కాపలా. మనిషికి వేసేది కరిచాక వేస్తున్నాం, కుక్కకు వేసేది కరవకముందే వేయవచ్చు. మొదటిది ఆరోగ్య శాఖ ఖర్చు, రెండోది మీ శాఖ ఖర్చు. అందుకే ఎవరి పద్దులోనూ ఈ లాభం కనబడదు. వీధి కుక్కల కుటుంబ నియంత్రణ, టీకాలు 2023 నిబంధనల ప్రకారం మున్సిపాలిటీల, పంచాయతీల బాధ్యత అని తెలుసు. దాని మీద కోర్టుల్లో వాదనలూ నడుస్తున్నాయి. నేను అందులోకి పోవడం లేదు. నేను అడిగేది మనిషి వెంటబెట్టుకుని తీసుకురాగలిగే కుక్కల గురించి, పిల్లుల గురించి. పెంచేవాళ్లు ఉన్నారు, తేవడానికి సిద్ధంగా ఉన్నారు. ఎప్పుడు, ఎక్కడికి అన్నది చెబితే చాలు.

మన రాష్ట్రంలో పసిపిల్లలకు బుధవారం, శనివారం టీకాలు వేస్తారని చదువు రాని తల్లికి కూడా తెలుసు. ఏఎన్ఎమ్ అక్క కార్డు మీద తేదీ రాసి ఇస్తుంది, తల్లి ఆ తేదీకి వస్తుంది. ఎవరూ చాటింపు వేయరు. రోజు ఖాయంగా ఉండడమే దాని బలం. అదే పద్ధతిని పశువుల దవాఖానాకు తెండి. జిల్లా, నియోజకవర్గ కేంద్రాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో వారంలో ఒక సాయంత్రం, ఐదు నుంచి ఏడు దాకా, కుక్కలకూ పిల్లులకూ మాత్రమే. కూలికి, ఉద్యోగానికి పోయినవాళ్లు తిరిగి వచ్చే వేళ అది. పొద్దున రైతుల పశువులకు ఉన్న సమయం చెక్కుచెదరదు. రేబిస్ టీకా ఏడాది పొడవునా ఉచితం. పార్వో వంటి మిగతా టీకాలకు, నట్టల మందుకు గోడ మీద రాసిన తక్కువ ధర. కడుపు నిండినవాళ్ల దగ్గర తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. కరెంటు పోయినా చల్లదనం పోని ఫ్రిజ్ ఒకటి, నడుమెత్తు బల్ల ఒకటి, తెలుగులో అచ్చువేసిన టీకా కార్డు ఒకటి. ఆ కార్డు వెనుక పిల్లికి పారాసెటమాల్ ఇవ్వవద్దని, కుక్కకు చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష పెట్టవద్దని నాలుగు ముక్కలు రాయించండి. నా దుకాణం గోడ మీద కూడా అతికిస్తాను.

డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారని అడుగుతారు. ఖాళీ పోస్టుల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. అవి నిండేదాకా ఆగనవసరం లేదు. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు పశువైద్య కళాశాలల నుంచి ఏటా చదువు ముగించుకుని వచ్చేవాళ్లున్నారు. మా డాక్టరమ్మలాగా పట్టణాల్లో స్థిరపడినవాళ్లున్నారు. వారంలో రెండు గంటలకు గౌరవ వేతనం ఇచ్చి పిలిస్తే వస్తారు. నేను ఆమెను అడిగాను. "టీకా సరిగ్గా నిల్వ ఉంటే డబ్బు లేకున్నా వస్తాను" అన్నారు. డబ్బు ఇవ్వండి, ఊరికే చేయించుకోవద్దు.

మొత్తం రాష్ట్రానికి ఒకేసారి జీవో తీయమని నేను అడగడం లేదు. నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి, రెండు దవాఖానాల్లో మొదలుపెట్టించండి. వచ్చే జూలై 6 లోపు ఆ సాయంత్రం వారంలో ఏ రోజో ప్రకటించండి. ఆరు నెలల తర్వాత అక్కడ ఎన్ని టీకాలు పడ్డాయో, అదే పట్టణంలో కుక్కకాటుకు పెద్దదవాఖానాకు వచ్చినవాళ్లెందరో, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి ప్రజల ముందు ఉంచండి. మిగతా ఊళ్ల సంగతి ఆ లెక్క చూశాక నిర్ణయించండి.

ఇట్లు,
మందుల దుకాణదారు,
నల్లగొండ.