కెన్నెడీ చిహ్నంలో డాల్ఫిన్ ఎక్కడిది?

సంపాదకుడు గారికి,

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో ఇంటిపేర్ల శీర్షికలో కెన్నెడీ వంశం గురించి వేసిన వ్యాసం చదివిన రోజే రాయాల్సింది, మీరే సవరణ వేస్తారని ఆగాను. సవరణ రాలేదు సరికదా, అదే బొమ్మను మళ్లీ క్విజ్ ప్రశ్నగా కూడా వేశారు. ఇక ఆగడం అనవసరం.

తెల్లటి డాలు, మధ్యలో ఇంటి కప్పులా వంగిన ఎర్రటి పట్టీ, మూడు నల్ల శిలువలు, పైన డాల్ఫిన్. కింద "అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ వంశ చిహ్నం" అని రాశారు. అది స్కాట్లండ్‌లో ఎయిర్‌షైర్ కెన్నెడీలది, కాసిలిస్ ఎర్ల్ బిరుదున్న ప్రభువులది. జాన్ కెన్నెడీ పూర్వీకులు ఐర్లండ్‌లో వెక్స్‌ఫర్డ్ కౌంటీ డంగన్స్‌టౌన్ రైతులు. ముత్తాత పాట్రిక్ 1840ల చివర్లో, బంగాళాదుంప కరువు రోజుల్లో, బోస్టన్ వెళ్లిపోయాడు. 1963 జూన్‌లో అధ్యక్షుడి హోదాలో ఆ పల్లెకే వెళ్లి చుట్టాల ఇంట్లో టీ తాగి వచ్చాడు మనవాడు. ఈ రైతులకూ ఆ ఎర్ల్‌లకూ ఇంటిపేరు కలిసిందంటే చిహ్నమూ కలిసినట్టేనా? మన దగ్గర ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు వేర్వేరు గోత్రాల్లో ఉండరా, ఆ మాత్రం తెలియదా మీ ఉపసంపాదకులకు?

అసలు కెన్నెడీ చిహ్నం ఏమిటో చెబుతాను, ఈసారైనా రాసుకోండి. నల్ల డాలు మీద మూడు బంగారు శిరస్త్రాణాలు, చుట్టూ ఎరుపు, ఎర్మిన్ (నల్ల మచ్చల తెల్ల బొచ్చు) ఉన్న అంచు. శిరస్త్రాణాలు ఐర్లండ్‌లోని ఆర్మండ్ ప్రాంతపు ఓకెన్నెడీలవి. అంచు తల్లి రోజ్ ఫిట్జ్‌గెరాల్డ్ వైపుది, డెస్మండ్ ఫిట్జ్‌గెరాల్డ్‌ల డాలు నుంచి తీసుకున్నది. ఇదేమీ వెయ్యేళ్ల నాటిది కాదు. వంశ చిహ్నాలు మంజూరు చేసే ఐర్లండ్ చీఫ్ హెరాల్డ్ కార్యాలయం తయారుచేసి ఇస్తే, 1961 మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండుగ రోజున, ఐర్లండ్ రాయబారి వైట్‌హౌస్‌లో కెన్నెడీకి అందించారు. ఇంకో మాట, చిహ్నం మంజూరయ్యేది మనిషికి, ఆయన సంతతికి. ఇంటిపేరుకు కాదు. కాబట్టి "కెన్నెడీ పేరున్న ప్రతివాడూ గర్వంగా గోడకు తగిలించుకోవచ్చు" అన్న మీ వాక్యం డబ్లిన్‌లో కీచెయిన్లు అమ్మే కొట్టువాడి మాట, పత్రిక రాయాల్సింది కాదు. మా అమ్మాయి అక్కడే ఉంటుంది, ఆ కొట్ల నిండా మర్ఫీ, కెల్లీ, ర్యాన్ అంటూ ఇవే దొరుకుతాయట. గోత్రానికి లాకెట్టు అమ్మడం మనవాళ్లకు ఇంకా తట్టలేదు, మీ వ్యాసం చూసి ఎవరో ఒకరు మొదలుపెడతారు.

పేరు పుట్టుక గురించి మీరు రాసింది ఇంకా ఘోరం. ఐర్లండ్ నేలిన బ్రియన్ బోరు రాజు ఆజ్ఞ వేస్తే ఐరిష్ ఇంటిపేర్లు పుట్టాయట! ఆయన 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయాడు. ఓక్లెరీ అనే పేరు 916 నాటి వార్షిక వృత్తాంతాల్లోనే ఉంది. నిజానికి ఇక్కడ బ్రియన్ ప్రస్తావన రావాల్సిందే, కానీ వేరే కారణంతో. ఆయన తండ్రి పేరు కెన్నెటిగ్. బ్రియన్ అన్న డాన్‌కువాన్ సంతతి ఆ పేరుతో ఓకెన్నెడీలయ్యారు, బ్రియన్ సంతతి ఓబ్రియన్‌లయ్యారు. ఇంత చక్కని చుట్టరికం ఉండగా దాన్ని వదిలేసి లేని ఆజ్ఞను పట్టుకున్నారు.

ఐర్లండ్ అధికారులేమన్నా తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. 1907లో డబ్లిన్ కోటలోని, ఈ వంశ చిహ్నాలు చూసే కార్యాలయం నుంచే రాజాభరణాలు పోయాయి. కారణం వింటే నవ్వొస్తుంది. పెట్టె స్ట్రాంగ్‌రూమ్ తలుపులో పట్టలేదని లైబ్రరీ గదిలో ఉంచారు. ఆ కార్యాలయం పెద్ద ఆఫీసరును తీసేశారు, నగలు మాత్రం ఇవాళ్టికీ దొరకలేదు. సొంత రాజ్యం వచ్చాక 1943లో ఆ కార్యాలయాన్ని ఐర్లండ్ తీసుకుంది, బుద్ధి వచ్చిందా? బెల్‌ఫాస్ట్ పెద్దమనిషి ఒకడు నేనే మెకార్తీ వంశ నాయకుణ్ని అంటే 1992లో నిజమేనని ఒప్పుకుని, 1999లో కాదని నాలిక్కరుచుకుని, చివరికి 2003లో వంశ నాయకులను గుర్తించే పద్ధతినే ఎత్తేశారు. దస్తావేజులు సరిచూడకుండా సంతకం పెట్టే జబ్బు ఏ దేశంలోనైనా ఒకటే. మన తహసీల్దారు ఆఫీసుల్లో వారసత్వ సర్టిఫికెట్ కోసం తిరిగినవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఒకప్పుడు మీ పత్రికలో ప్రూఫులు దిద్దేవాళ్లు పంచాంగంలో తిథి తప్పు పడితే మర్నాడు మొదటి పేజీలో సారీ చెప్పేవారు. ఇప్పుడు నెట్‌లో మొదట కనిపించిన బొమ్మే ప్రమాణం.

వచ్చే ఆదివారం ఓనీల్ వంశం అని ప్రకటించారు. పడవ పందెంలో చెయ్యి నరుక్కుని ఒడ్డుకు విసిరి రాజ్యం గెలిచిన వీరుడి కథ ఎలాగూ వేస్తారు, వేసుకోండి, కాకపోతే అది కట్టుకథ అని ఒక్క ముక్క రాయండి. బొమ్మలో మాత్రం ఎర్రటి కుడిచెయ్యి వేయండి. ఎడమచెయ్యి బారోనెట్ అనే బ్రిటిష్ బిరుదు ఉన్నవాళ్ల గుర్తు.

ఇట్లు
ఒక రిటైర్డు హిస్టరీ లెక్చరర్, గుంటూరు